ఫోర్కు మీద గీత గోటికి తగులుతుందా?

ప్రశ్న: అన్నా, నాది కడప, ఎర్రముక్కపల్లె. బెంగళూరులో మా మేనమామ కొడుకు వాడిన మౌంటెన్ బైకు తీసుకున్నా. ముందు షాకులు, అదే ఫోర్కు, గాలిది, 120 మిల్లీమీటర్ల ట్రావెల్ (అంత మేర కిందికి దిగుతుంది), రాడ్లు నల్లవి. బస్సు డిక్కీలో వేసి తెచ్చుకుంటే పక్కన ఎవరిదో ఇనుప మంచం ఉండింది. పొద్దున దించి చూస్తే ఎడమ రాడ్డు మీద రెండు గీతలు. ఒకటి బాగా పైన, రెండు రాడ్లనూ కలిపే క్రౌన్ కిందే, బొటనవేలంత పొడుగు. ఇంకోటి రాడ్డు కిందికి దూరే చోట ఉండే రబ్బరు సీలుకు రెండు వేళ్ల పైన, వడ్లగింజంత, లోపలి తెలుపు కనపడుతోంది. సైకిల్ షాపాయన రెండు రాడ్లూ మార్చాల్సిందే అన్నాడు. మోటార్ సైకిళ్లు రిపేరు చేసే నా స్నేహితుడు లేత్ మీద పెట్టి నున్నగా చేయిద్దాం అంటున్నాడు. మా అక్క నెయిల్ పాలిష్ పూసెయ్ అంటోంది. రాడ్డు మీద నూనె చెమ్మ కూడా ఉంది. వారం వారం గాలి తగ్గుతోంది. వచ్చే నెల నలుగురం గండికోటకు పోదామనుకున్నాం. పోవచ్చా, వద్దా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముగ్గురిలో మీ అక్క మాటే పనికొచ్చేది. కాకపోతే ఆమె చెప్పింది రెండో పని. మొదటి పని చేయకుండా పాలిష్ పూస్తే రెండు రోజుల్లో లేచిపోతుంది, సీలు మాత్రం కోసుకుపోతూనే ఉంటుంది.

ఈ రాత్రే ఒక పని చెయ్యి. మెత్తటి పాత బనియన్ గుడ్డతో రాడ్డు తుడువు. కళ్లు మూసుకొని చూపుడువేలి గోరును గీత మీదుగా నెమ్మదిగా లాగు, ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా. గోరు జారిపోతే అది మరక లాంటిది, దాన్ని మర్చిపో. గోరు టక్కుమని ఆగితే అక్కడ లోహం పైకి లేచి ఉందన్నమాట. కళ్లు ఎందుకు మూసుకోమన్నానంటే, నల్ల రాడ్డు మీద తెల్ల గీత ఎంత చిన్నదైనా భయంకరంగా కనపడుతుంది. చాలామంది చూసి భయపడి చెయ్యకూడని పనులు చేస్తారు. నేనూ చేశాను, ఆ సంగతి కింద చెప్తా.

భయపడాల్సింది గీత గురించి కాదు, దాని మీదుగా రోజూ వేలసార్లు పోయి వచ్చే రబ్బరు గురించి. ఫోర్కు కింది కాళ్ల పైఅంచున నల్లగా కనపడేది డస్ట్ సీలు. దానికి లోపల సన్నటి పెదవులుంటాయి. బయటిది దుమ్మును ఆపుతుంది, లోపలిది నూనెను ఆపుతుంది. దాని కింద నూనె పీల్చుకున్న స్పాంజి రింగు, ఇంకా కింద రాడ్డు జారే బుష్షులు. గీత అంచున లేచిన లోహపు ముక్క చిన్న కత్తిపీట. ఫోర్కు కిందికీ పైకీ ఆడినప్పుడల్లా అది ఆ పెదవిని ఒక్కో గీటు కోస్తుంది. కోసిన చోటునుంచి నూనె బయటికొస్తుంది, దుమ్ము లోపలికి పోతుంది. రాడ్డు చుట్టూ అడ్డంగా పడిన గీత కంటే నిలువుగా పడిన గీత నూనె కారడానికి ఎక్కువ దారిస్తుంది, అది సీలు కిందుగా పోయే పిల్లకాలువ లాంటిది మరి.

ఇప్పుడు నీ రెండు గీతల సంగతి. పైన క్రౌన్ కింద ఉన్నది అసలు సీలు దాకా వస్తుందా అన్నది ముందు తేల్చుకో. గాలి ఫోర్కు కాబట్టి సులభం. ఫోర్కు ఎడమ కాలు పైన మూత తీసి వాల్వు నొక్కి గాలి మొత్తం వదిలెయ్, హ్యాండిల్ మీద బరువేసి ఫోర్కును అడుగుదాకా నొక్కు. సీలు ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టు. గీత ఆ గుర్తుకు పైనే ఉంటే దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. తర్వాత పంపుతో మళ్లీ ముందున్నంత గాలి కొట్టు. సైకిల్ పంపు కాదు, గాలి షాకుల కోసం అమ్మే షాక్ పంపుతోనే.

కింది గీత మాత్రం రాకూడని చోటికే వచ్చి కూర్చుంది. 120 మిల్లీమీటర్ల ఫోర్కు మీద మనిషి కూర్చుంటే ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా, అంటే 24 నుంచి 30 మిల్లీమీటర్లు దిగాలి. రెండు వేళ్ల వెడల్పు సుమారు అంతే. అంటే నువ్వు ఉత్తినే రోడ్డు మీద తొక్కుతున్నా ఆ వడ్లగింజ సీలు పెదవి దగ్గరే అటూ ఇటూ తిరుగుతుంటుంది. కాబట్టి దాన్ని బాగుచేసేదాకా బండి ఎక్కకు.

బాగుచేయడానికి కావాల్సినవి ఖరీదైనవేం కావు. కార్లకు పెయింటు వేసే సామాన్లమ్మే షాపులో 2000 నంబరు వాటర్ పేపరు ఒకటి, దొరికితే 1500 ఇంకొకటి. స్కూలు పిల్లలు వాడే రబ్బరు ఒకటి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొంచెం, సెల్ ఫోన్లు రిపేరు చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. కరోనా నాటి శానిటైజరు సీసా ఇంట్లో ఉంది కదా అని అది వాడొద్దు, చాలావాటిలో గ్లిజరిన్ కలిపి ఉంటారు, అది జిడ్డుగా మిగిలి మీ అక్క పాలిష్‌ను అంటనివ్వదు.

బైకును తలకిందులు చెయ్యి, సీటూ హ్యాండిలూ నేల మీద ఆనేలా. ఇది సౌకర్యం కోసం చెప్పడం లేదు. మామూలుగా నిలబెట్టి రుద్దితే ఆ మురికి నీళ్లు, లోహపు పొడి నేరుగా సీలు లోపలికి దిగుతాయి. తలకిందులు చేస్తే సీలు పైకి పోతుంది, నీళ్లు క్రౌన్ వైపు కారిపోతాయి. సీలు అంచు చుట్టూ ఒక గుడ్డ చుట్టి టేపు వేస్తే ఇంకా మంచిది. హైడ్రాలిక్ బ్రేకులైతే, బండిని మళ్లీ నిలబెట్టాక బ్రేకు లీవరును పదిసార్లు నొక్కి గట్టిగా ఉందో లేదో చూసుకో. తలకిందులుగా ఉన్నప్పుడు లోపలి గాలి బుడగ పైపులోకి జరగొచ్చు.

చిన్న పేపరు ముక్కను రబ్బరుకు చుట్టి, సబ్బు నీళ్లలో ముంచి, లేచిన అంచు మీద మాత్రమే రుద్దు. రాడ్డు చుట్టూ, గాజు తిప్పినట్టు అడ్డంగా. పైకీ కిందికీ రుద్దితే నువ్వే కొత్త పిల్లకాలువలు తవ్వినట్టు. ఐదారుసార్లు రుద్ది, తుడిచి, గోటితో చూడు. మళ్లీ ఐదారుసార్లు. గోరు ఆగడం మానేసిన క్షణం ఆపెయ్. గుంట అలాగే ఉంటుంది, ఉండనీ. గుంటను మాయం చేయాలని చూస్తే రాడ్డే మాయమవుతుంది.

ఇక్కడే నేను తప్పు చేసింది. చాలా ఏళ్ల కిందట నా బండికీ ఇలాగే గీత పడింది. ఇంట్లో గేటుకు రంగు వేయగా మిగిలిన 220 నంబరు ఎమరీ పేపరు ఉండింది. ఆదివారం మధ్యాహ్నం కూర్చొని ఉత్సాహంగా రుద్దాను. గీత పోయింది. దానితో పాటు రూపాయి బిళ్లంత మేర నల్లపూతా పోయి తెల్లటి అల్యూమినియం బయటపడింది. ఆ నలుపు పెయింటు కాదు తమ్ముడూ. అనోడైజింగ్ అంటారు, అల్యూమినియం పైపొరనే విద్యుత్తుతో గట్టి ఆక్సైడుగా మారుస్తారు. వెంట్రుక మందం కూడా ఉండదు. చాలా గట్టిది, కానీ కింద ఉన్న అల్యూమినియం మెత్తన. ఆ పొర పోయిన చోట ప్రతి ఆటకూ మెత్తటి లోహం అరుగుతుంది, ఆ పొడి నూనెలో కలిసి బుష్షులను తింటుంది. పోయిన పొరను ఇంట్లో తిరిగి తెచ్చే ఉపాయం లేదు. నీది వడ్లగింజంత కాబట్టి ఏమీ కాదు. దాన్ని రూపాయి బిళ్ల చేసుకోవద్దు.

మీ స్నేహితుడి లేత్ ఆలోచన వద్దన్నది ఇందుకే. అతను తెలివితక్కువవాడని కాదు, అతని చేతికి అలవాటైన ఫోర్కు వేరు. మోటార్ సైకిల్ ఫోర్కు పైపు మామూలుగా ఉక్కుది, మీద గట్టి క్రోమ్ పూత. క్లాంపు బోల్టులు వదులు చేస్తే పైపు ఊడి చేతికొస్తుంది. అరిగితే మళ్లీ క్రోమ్ పెట్టించి గ్రైండింగ్ పట్టించేవాళ్లున్నారు. నీ రాడ్డు క్రౌన్‌లోకి గట్టిగా ప్రెస్ చేసి దిగ్గొట్టింది, ఊడదు. సైకిల్ షాపాయన మాట కూడా దాదాపు ఈ అలవాటులోంచి వచ్చిందే. రెండు రాడ్లు మాత్రమే విడిగా కొనడం మౌంటెన్ బైకుల్లో దాదాపు ఉండదు. క్రౌన్, దాని పైన ఫ్రేములోకి పోయే గొట్టం, రెండు రాడ్లూ కలిపి ఒకే సెట్టుగా వస్తాయి. ఆ సెట్టు ధర విన్నాక చాలామంది ఇంకొంచెం వేసుకొని కొత్త ఫోర్కే కొంటారు.

ఇప్పుడు మీ అక్క పని. గీతను ఆల్కహాలుతో రెండుసార్లు తుడిచి ఆరనివ్వు. గీతకు రెండు పక్కలా సెల్లో టేపు అంటించి గుంట మాత్రమే కనపడేలా చెయ్యి. రంగులేని నెయిల్ పాలిష్‌ను అగ్గిపుల్ల మొనతో గుంటలో ఒక చుక్క పెట్టు. ఎండాక ఇంకో చుక్క. టేపు తీసి రాత్రంతా వదిలెయ్. పొద్దున మళ్లీ తలకిందులు చేసి, 2000 పేపరు సబ్బు నీళ్లలో ముంచి, ఉబ్బిన పాలిష్‌ను రాడ్డుతో సమానమయ్యేదాకా నాలుగు రుద్దులు రుద్దు. గోరు జారితే అయిపోయింది. దీనికి ఆయుష్షు తక్కువ, కొన్ని నెలలకు లేచిపోవచ్చు. లేస్తే నెయిల్ పాలిష్ రిమూవరుతో కడిగి మళ్లీ పెట్టుకోవడమే. ఎక్కువ కాలం ఉండాలంటే రెండు ట్యూబులు కలిపే ఎరాల్డైట్ వాడొచ్చు, అది గట్టిగా నిలుస్తుంది. కానీ ఎక్కువ పెడితే దాన్ని సమం చేసేలోపు చుట్టూ ఉన్న నల్లపూత మీద నీ పేపరు తిరిగిపోతుంది. మొదటిసారి చేసేవాడికి పాలిషే మేలని నా ఉద్దేశం. ఎర్రదైనా పనిచేస్తుంది, నీ ముగ్గురు స్నేహితుల నోళ్లకు నువ్వే జవాబు చెప్పుకోవాలి, అంతే.

ఇది చదివేవాళ్లలో మెరిసే వెండి రంగు రాడ్ల చవక స్ప్రింగ్ ఫోర్కులున్నవాళ్లు ఎక్కువమంది ఉంటారు. మీది ఉక్కు మీద క్రోమ్. గీత క్రోమ్‌ను దాటి లోపలికి పోతే అక్కడ తుప్పు మొదలవుతుంది, తుప్పు గుంట గీత కంటే గరుకు. పద్ధతి ఇదే, కాకపోతే ఆలస్యం చేయొద్దు. ఆ ఫోర్కుల్లో చాలావాటికి కింది కాళ్లలో నూనె ఉండదు, గ్రీజే. కారేది లేదు కాబట్టి గాబరా పడాల్సిందీ తక్కువే.

నూనె చెమ్మ సంగతి. రాడ్డు మీద వేలితో రాస్తే సన్నటి తడి తగలడం మంచిదే, స్పాంజి రింగు తడిగా ఉందని అర్థం. తొక్కి దిగాక రాడ్డు మీద పలచటి నూనె రింగు కనపడినా ఫర్వాలేదు. నూనె సీలు బయట పోగై కింది కాలు వెంట చారలుగా దిగుతుంటే సీలు పోయినట్టు. అప్పుడు రెండు పక్కలా సీళ్లూ స్పాంజి రింగులూ మార్చి, కింద కొత్త నూనె వేయించాలి. ఎడమ కాలును మరీ జాగ్రత్తగా గమనించు. ముందు డిస్కు బ్రేకు ఉండేది అటే. అక్కడినుంచి కారిన నూనె డిస్కు మీద పడితే ప్యాడ్లు దాన్ని పీల్చుకుంటాయి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు పట్టదు. ఫోర్కు కారడం డబ్బు సమస్య, డిస్కుకు నూనె తగలడం ప్రాణ సమస్య.

గాలి తగ్గడానికీ ఈ గీతకూ సంబంధం లేదు. గాలిని ఆపే సీళ్లు రాడ్డు లోపల ఉంటాయి, లోపలి గోడ మీదే జారతాయి. మంచం కోడు గీరింది బయట. ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. వారం వారం పంపు తగిలించి చూస్తున్నావు కదా, తగిలించిన ప్రతిసారీ ఫోర్కులోని గాలి కొంత పంపు గొట్టంలోకి వస్తుంది, ముల్లు తక్కువే చూపిస్తుంది. నువ్వు దాన్ని లీకు అనుకుంటున్నావేమో. నెల రోజులు పంపు ముట్టకుండా, కూర్చున్నప్పుడు ఎంత దిగుతోందో రాడ్డు మీద రబ్బరు రింగు పెట్టి కొలువు. రోజురోజుకూ ఎక్కువ దిగుతుంటే అప్పుడు లీకు అనుకుందాం.

షాపాయన మాట నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. గీతతో పాటు రాడ్డు సొట్టపోయి ఉంటే, వెంట్రుకలాంటి పగులు కనపడితే, రాడ్డు వంగి ఫోర్కు మధ్యలో పట్టేస్తుంటే ఇంక పాలిష్ మాట ఎత్తొద్దు, ఆ ఫోర్కు మీద ఎక్కొద్దు. వేలితో రాడ్డు చుట్టూ తడిమితే సొట్ట తెలుస్తుంది. ఇంకోటి, సెకండ్ హ్యాండు బండి కాబట్టి ఇది ముఖ్యం: గాలి వదిలి నొక్కినప్పుడు పెట్టిన పెన్సిలు గుర్తు కింద, రాడ్డు ముందువైపూ వెనకవైపూ నిలువుగా నల్లపూత మాసి తెల్లగా మెరుస్తోందేమో చూడు. అది దెబ్బ తగిలిన గీత కాదు, నూనె లేకుండా ఏళ్లు తొక్కిన అరుగుదల. ముందు బ్రేకు గట్టిగా పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపు, ఇంకో చేయి సీలు దగ్గర పెట్టు. అక్కడ టక్ టక్ మని ఆట తగిలితే బుష్షులు పోయాయి. మీ మామ కొడుకుని కింది కాళ్ల నూనె ఎప్పుడు మార్పించావని అడుగు. చాలా కంపెనీలు 50 గంటల తొక్కుడుకు ఒకసారి మార్చమంటాయి. "నూనె మార్చాలా?" అని ఎదురు అడిగితే ఆ సర్వీసు ఇప్పుడే చేయించు. గీత కంటే అది ముందు.

గండికోటకు పో. కాకపోతే అక్కడి రాయి సంగతి తెలుసుకొని పో. మన ఇళ్లల్లో పరిచే కడప బండ సున్నపురాయి జాతి. మోస్ కొలతలో దాని ఖనిజం గట్టిదనం 3, చాకుతో గీరినా గీత పడుతుంది. పెన్నా కోసిన ఆ లోయ గోడలు, పాలకొండలు అట్లా కాదు, క్వార్ట్‌జైటు. అంటే మన పలుగురాయి కుటుంబం, కొలతలో 7. మామూలు ఉక్కు కంటే గట్టిది. పూత ఎంత గట్టిదైనా కోడిగుడ్డు పెంకులాంటిది, మొనదేలిన పలుగు తగిలితే కింది మెత్తటి లోహం కుంగి పైపెంకు పగులుతుంది. లోయ అంచున ఆ బండల గుట్టల మీద దిగి నడిపించుకుపో. దిగాక బైకును రాళ్ల మీద పడుకోబెట్టకు. ఫొటో కోసం బండకు ఆనించాలంటే పెడల్ ఆనించు, ఫోర్కు కాదు.

దారి దుమ్ము ఇంకో శత్రువు. ఎర్రగుంట్ల దాటేటప్పుడు సిమెంటు లారీల వెనక తొక్కుతారు మీరు. సీలు మీద నూనె, ఆ దుమ్ము కలిస్తే వాల్వులు పట్టే గ్రైండింగ్ పేస్టులాంటి ముద్ద తయారవుతుంది. గంటకోసారి ఆగినప్పుడు పొడి గుడ్డతో రాడ్లు తుడువు. డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టకు, షాపుల్లో అడక్కుండానే కొడతారు, వద్దను. అది సీలు కిందున్న గ్రీజును కడిగేస్తుంది. తిరిగొచ్చాక వాటర్ సర్వీసింగుకు ఇచ్చి సీళ్ల మీద ప్రెషర్ పైపు పెట్టించొద్దు, మగ్గుతో నీళ్లు చాలు.

జమ్మలమడుగు దాకా బస్సులో వేసుకుపోయే ఆలోచన ఉంటే, పాత సైకిల్ ట్యూబును నిలువుగా చీల్చి రెండు రాడ్లకూ చుట్టి తాడుతో కట్టు. ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోమ్ దొరికితే ఇంకా సులువు. తొక్కే ముందు తీసెయ్, లేకపోతే సీలుకు ఇరుక్కుంటుంది. డిక్కీ తీసినప్పుడు క్లీనరు తొందర పెడతాడు. నువ్వు లోపలికి తొంగి చూసి, మంచం ఉంటే అవతలి పక్క డిక్కీ తెరవమను.